‘మోరల్ ట్రీట్‌మెంట్’ అంటే నైతిక చికిత్సేనా?

ప్రశ్న: ఇంగ్లండులో యార్క్ ఊరి బయట క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవారు) 1796లో తెరిచిన ‘రిట్రీట్’ గురించిన వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడ మతి చెదిరినవాళ్లను చూసిన తీరుకు ‘మోరల్ ట్రీట్‌మెంట్’ అని పేరు. ‘నైతిక చికిత్స’ అని రాస్తే, చదివినవాళ్లు “అంటే రోగులకు నీతులు చెప్పేవారా?” అంటున్నారు. ఇంతకంటే మంచి మాట ఉందా? ‘నాన్ రిస్ట్రెయింట్’కు ‘నిర్బంధరహిత విధానం’ సరిపోతుందా?

భాష వైపు నుంచి: ‘నైతిక’ తీసేయండి మేడమ్, మీ పాఠకుల అనుమానం సబబే. ఈ మాటకు మూలం ఫ్రెంచిలో ఉంది. ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ పినెల్ 1801 నాటి గ్రంథంలో వాడిన ‘మొరాల్’కు నీతితో పని లేదు. ఆనాటి ఫ్రెంచిలో ‘ఫిజిక్’ అంటే దేహానికి చెందినది, ‘మొరాల్’ అంటే మనసుకు చెందినది. 1802లో కబానీస్ అనే ఫ్రెంచి వైద్యుడు వేసిన పుస్తకం పేరే ‘మనిషి ఫిజిక్‌కూ మొరాల్‌కూ ఉన్న సంబంధాలు’. ఇంగ్లిషులోకీ ఆ అర్థమే వెళ్లింది. శామ్యూల్ ట్యూక్ 1813లో రిట్రీట్ గురించి రాసినప్పుడు మందులూ స్నానాలూ ఒక అధ్యాయంలో పెట్టి, మాట తీరూ పనీ పరిసరాలూ మోరల్ ట్రీట్‌మెంట్ అనే ఇంకో అధ్యాయంలో పెట్టాడు. 1835లో ప్రిచర్డ్ అనే ఇంగ్లిషు వైద్యుడు చెప్పిన ‘మోరల్ ఇన్సానిటీ’ కూడా ఇలాంటిదే. బుద్ధి సరిగా ఉండి భావాలు, ప్రవర్తన చెదిరిన స్థితి అది. దాన్ని ‘నైతిక ఉన్మాదం’ అంటే ఆ రోగిని చెడ్డవాడిగా ముద్ర వేసినట్టే.

మన పత్రికల్లో రోజూ కనిపించే ‘నైతిక మద్దతు’దీ ఇదే కథ. పరీక్ష హాలు గేటు దగ్గర తండ్రి నిలబడితే అందులో నీతి ఏముంది? అది ధైర్యానికి తోడు. సైనికుల ‘మొరేల్’ను మాత్రం ‘మనోస్థైర్యం’ అని చక్కగానే రాస్తున్నాం. రెంటికీ మూలం ఆ ఫ్రెంచి మాటే.

వైద్య చరిత్ర వైపు నుంచి: అక్కడ నిజంగా ఏం చేశారో చూస్తే మాట దానంతటదే దొరుకుతుంది. 1790లో హన్నా మిల్స్ అనే క్వేకర్ వితంతువు యార్క్ అసైలంలో (మతి చెదిరినవాళ్ల ఆసుపత్రిలో) చేరిన కొద్ది వారాలకే చనిపోయింది. ఆమెను చూడ్డానికి వెళ్లిన క్వేకర్లను లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాతే టీ వ్యాపారి విలియం ట్యూక్ (శామ్యూల్ తాత) పూనుకుని 30 మంది రోగులకు సరిపడే ఇల్లు కట్టించాడు. కిటికీలకు ఊచలు పెట్టలేదు. గాజు పలకలు బిగించే చట్రాలనే ఇనుముతో పోయించి, చూడ్డానికి మామూలు కొయ్య చట్రాల్లా ఉంచారు. రోగులు తిరిగే ఆవరణలో కుందేళ్లు, కోళ్లు, సముద్రపు కాకులు ఉండేవి. నిద్రపట్టనివాళ్లకు నల్లమందు బదులు రాత్రి మాంసమో జున్నో రొట్టెతో పెట్టి, పోర్టర్ బీరు పోసేవారు. దిగులు జబ్బుకు వేడినీళ్ల స్నానం పనిచేసింది. నెత్తురు తీయడం, విరేచనాలు పెద్దగా ఉపయోగపడలేదని అక్కడి మొదటి వైద్యుడు థామస్ ఫౌలర్ గ్రహించాడు. మేట్రన్ రోగులను టీకి పిలిచేది. వాళ్లు మంచి బట్టలు కట్టుకుని, అతిథుల్లా మర్యాదగా కూర్చునేవారు.

ఆ టీ బల్లలోనే కిటుకంతా ఉంది. భయం కంటే నలుగురిలో మర్యాద దక్కాలన్న కోరికే మనిషిని ఎక్కువగా అదుపులో ఉంచుతుందని శామ్యూల్ ట్యూక్ వాదన. దానికి మన దగ్గర సిద్ధంగా ఉన్న మాట ‘మన్నన’. ‘మన్నన వైద్యం’ అనండి. మన్నించడంలో గౌరవించడమూ ఉంది, తప్పు కాయడమూ ఉంది. అక్కడ రెండూ జరిగాయి.

అభ్యంతరం: మాట బాగుందండీ, కానీ మరీ తియ్యగా ఉంది. ట్యూక్ మోరల్ ట్రీట్‌మెంట్ అధ్యాయంలో మొదట మాట్లాడింది రోగి తనను తాను అదుపు చేసుకోవడానికి ఎలా సాయపడాలన్న దాని గురించి. మర్యాద పోతుందేమోనన్న బెరుకు కూడా అక్కడ పనిముట్టే. గొలుసు కాలి నుంచి తీసి మనసుకు వేశారని తర్వాత ఫ్రెంచి తత్వవేత్త ఫూకో విమర్శించింది అందుకే. చేతులు కదలకుండా బిగించే చొక్కాను కూడా రిట్రీట్ పూర్తిగా మానలేదు. ‘మన్నన’ అంటే ఇదంతా కనబడకుండా పోతుంది.

వైద్య చరిత్ర వైపు నుంచి: ఒప్పుకుంటాను. అందుకే ‘మన్నన వైద్యం’ మొదటిసారి వచ్చిన చోటే ‘రోగి ఆత్మనిగ్రహాన్ని మర్యాదతో మేల్కొలిపే పద్ధతి’ అని ఒక్క వాక్యం చేర్చాలి. ‘మనోచికిత్స’ అంటే మాత్రం ఈనాటి సైకోథెరపీ అనుకుంటారు, అది వద్దు.

ఇక రెండో ప్రశ్న. ‘నిర్బంధరహితం’ అసలు పనికిరాదు. గృహనిర్బంధం అన్నప్పుడు మనకు తోచేది తలుపు తాళం. లండన్ దగ్గరి హాన్వెల్ అసైలంలో వైద్యుడు జాన్ కొనొలీ 1839లో మాన్పించింది తాళాలను కాదు, తోలు పట్టీలు, చేతి బేడీలు, కట్టేసే కుర్చీల వంటివాటిని. సుమారు 800 మంది రోగులున్న చోట జూన్‌లో పనిలో చేరి సెప్టెంబరుకల్లా వాటిని మూలన పడేశాడు. దీన్ని ‘కట్టివేత లేని పద్ధతి’ అనండి. ‘కట్లు’ అంటే గాయానికి కట్టేవి, ‘కట్టడి’ అంటే కొవిడ్ గుర్తొస్తుంది.

ఆయనకు దారి చూపింది లింకన్ అసైలం. 1829లో అక్కడ రాత్రి మంచానికి కట్టేసి ఒంటరిగా వదిలిన రోగి చనిపోయాడు. ఆపైన రాత్రిపూట కట్టేస్తే గదిలో మనిషి ఉండి తీరాలన్నారు. ప్రతి కట్టివేతా చిట్టాకెక్కింది. 1830లో 92 మంది రోగుల్లో 54 మందిని 2,364 సార్లు కట్టేశారు. 1837లో 130 మందిలో ఇద్దరిని 3 సార్లు. 1838లో ఒక్కసారి కూడా లేదు. అక్కడి వైద్యుడు రాబర్ట్ గార్డినర్ హిల్ దీనికి పెట్టిన షరతుల్లో ముఖ్యమైనవి: బలమైన పరిచారకులు తగినంతమంది ఉండాలి, రాత్రి గస్తీ ఉండాలి, రోగులను స్థితిని బట్టి విడదీయాలి. ఇందులో ఏది తగ్గినా పట్టీలు తిరిగొస్తాయి. కౌంటీ అసైలాలు కిక్కిరిసిపోయి, పరిచారకులు చాలనప్పుడు, 1869 తర్వాత వచ్చిన క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందు తోలు పట్టీ చేసే పని చేసింది.

కట్టివేత మానిన కొనొలీ ‘సెక్లూజన్’ను మానలేదు. ఉధృతంగా ఉన్నవాళ్లను కాసేపు మెత్త గదిలో ఉంచేవాడు. గోడల మెత్తల్లో కూరింది కొబ్బరి పీచే. చెక్క చట్రాల మీద దట్టమైన గుడ్డ సంచిలో దాన్ని కూరి బిగించేవారు, తలుపులో చూసే రంధ్రం ఉండేది. దీనికి ‘ఒంటరి గది’ చాలు.

భాష వైపు నుంచి: ఈ రెండు మాటలూ కలిసిపోకూడదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కొనొలీకి ఎదురు దారిలో నడిచింది. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ ఏ రూపంలోనూ ఒప్పుకోదు. 97వ సెక్షన్ ఒంటరి గదిని పూర్తిగా నిషేధించి, కట్టివేతకు మాత్రం కొద్దిగా చోటిచ్చింది: ముంచుకొస్తున్న హానిని ఆపడానికి వేరే దారే లేనప్పుడు, మానసిక వైద్యుడి అనుమతితో. ‘నిర్బంధం’ అని ఒకే మాట రెంటికీ వాడితే ఏది చెల్లుతుందో ఏది చెల్లదో తెలుగు పాఠకుడికి అర్థం కాదు.

ఇంకొక్కటి. ‘అసైలం’కు గ్రీకులో అర్థం ‘ఎవరూ చెయ్యి వేయరాని చోటు’. లండన్‌లో మతి చెదిరినవాళ్లను ఉంచిన బెత్లెం ఆసుపత్రి పేరు ‘బెడ్లం’గా మారి గోలకు, గందరగోళానికి మారుపేరైంది. హైదరాబాదులో ‘ఎర్రగడ్డ’ను తిట్టుగా వాడటమూ అదే బాపతు. ‘పిచ్చాసుపత్రి’ని ఆ కాలపు మనుషుల నోట వచ్చే మాటగానే ఉంచండి, మీ వ్యాఖ్యానంలో వద్దు. ‘రిట్రీట్’ను అలాగే ఉంచాలి. అసైలం అన్న మాట వద్దనే ఆ పేరు పెట్టుకున్నారు, విలియం ట్యూక్ కోడలు సూచించిందది.

అడిగినవారు: అయితే వాక్యాన్ని ఇలా మారుస్తున్నాను, చూడండి: “రిట్రీట్‌లో సాగింది మన్నన వైద్యం, అంటే రోగి ఆత్మనిగ్రహాన్ని మర్యాదతో మేల్కొలిపే పద్ధతి. కట్టివేత అక్కడ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అది పోయింది 1838లో, లింకన్‌లో.”