మిడిసిపాటు అంటే పొగరేనా?

యార్డు రైతు: మొన్న మా పెదమామగారి గృహప్రవేశంలో, పంక్తిలో అందరూ వింటుండగా, ఆయన నన్ను "అంత మిడిసిపాటు పనికిరాదు" అన్నారు. మిర్చి అమ్మకుండా 120 టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి నష్టపోయానని. నాకు పొగరు లేదు. ఆ మాటకు వేరే అర్థం ఏమైనా ఉందా?

బ్రాడీపేట మాస్టారు: రెండూ ఒకటి కావు. మిడియడం అంటే ఎగిరిపడటం. మిడుతకు ఆ పేరు అందుకే వచ్చిందని నా నమ్మకం. పొగరు చేతిలో చిల్లిగవ్వ లేనివాడికీ ఉంటుంది. మిడిసిపడాలంటే కొత్తగా ఏదో కలిసిరావాలి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. అది మిడిసిపాటు.

కృష్ణ ఒడ్డు: మా విజయవాడలో రెండూ ఒకటే.

యార్డు రైతు: అంటే నేను అల్పుడినా మాస్టారూ?

బ్రాడీపేట మాస్టారు: సామెత చెప్పాను, మిమ్మల్ని అనలేదు.

గవర్నరుపేట: మదం అనండి, గొడవ వదిలిపోతుంది.

బ్రాడీపేట మాస్టారు: మదం వేరు. అరిషడ్వర్గాల్లో అయిదోది అది. మిడిసిపాటుకు ఆ వరసలో చోటే లేదు. ఇక గర్వం అంటారా, పిల్లలకు బహుమతి వస్తే "గర్వంగా ఉంది" అంటున్నాం, అది మెప్పుగా మారిపోయింది. "మా అమ్మాయిని చూస్తే మిడిసిపాటుగా ఉంది" అని ఎవరైనా అంటారా?

యార్డు రైతు: మీరు మాట పట్టుకుని వేలాడుతున్నారు. 2022 పంట ఇలాగే ఆపాను. 2023లో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటాక అమ్మాను. అప్పుడు ఇదే పెదమామగారు "గుండె ఉన్న మనిషి" అని ఊరంతా చెప్పుకున్నారు, అప్పు కూడా అడిగారు. 2024 పంట ఆపితే ధర కూలింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రమే క్వింటాలుకు 11,781 రూపాయలని మార్కెట్ జోక్య ధర (ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే ధర) ప్రకటించవలసి వచ్చింది. అదే కోల్డ్ స్టోరేజీ, అదే మనిషి. ధర పెరిగితే ధీమా, పడితే మిడిసిపాటా? మీ నిఘంటువులో ఈ సంగతి రాశారా?

బ్రాడీపేట మాస్టారు: రాయలేదు. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. రెండోసారి అమ్మేయమని ఎవరూ చెప్పలేదా?

యార్డు రైతు: మా ఆవిడ చెప్పింది. కమీషన్ వ్యాపారి కూడా చెప్పాడు.

బ్రాడీపేట మాస్టారు: మీరేమన్నారు?

యార్డు రైతు: "మీకేం తెలుసు" అన్నాను.

బ్రాడీపేట మాస్టారు: మిడిసిపాటు ఆ మాటలో ఉంది. సరుకు ఆపడంలో లేదు, ధరలో అసలే లేదు.

యార్డు రైతు: ధర పెరిగి ఉంటే?

బ్రాడీపేట మాస్టారు: అప్పుడూ మిడిసిపాటే. ఎవరూ మీ ముఖం మీద అనరు, అంతే.

యార్డు రైతు: గెలిచినవాడిని అనలేని మాట ఓడినవాడి మీదకే వస్తుందా? నా బాధ అదేనండి. నేను అడిగింది ఆ మాటకు అర్థం కాదు.

గవర్నరుపేట: మొదటి ప్రశ్న అర్థం గురించేగా?

కృష్ణ ఒడ్డు: అదలా ఉంచండి. పెదమామగారికి అప్పు ఇచ్చారా?

యార్డు రైతు: ఇవ్వలేదు. ఈ ఇల్లు కట్టడానికే అడిగారు.