సిగ్నల్ తీసేసి యూటర్న్ పెట్టారు, అమ్మ రోడ్డు ఎలా దాటాలి?

కూకట్‌పల్లి_కిరణ్: మా జంక్షన్‌లో సిగ్నల్ తీసేసి అటూ ఇటూ యూటర్న్‌లు పెట్టారు. బండ్లకి హాయి. అమ్మకి 68 ఏళ్లు, గుడికి, పాలకి అవతలికే వెళ్లాలి. ఇదివరకు ఎర్ర లైటు పడగానే దాటేది, ఇప్పుడు బండ్లు ఆగితేగా! జీబ్రా గీతల కోసం ఎవరికి అర్జీ పెట్టాలి? స్పీడ్ బ్రేకర్ అడగొచ్చా?

నడకరాయుడు: మెట్రో స్టేషన్ ఎక్కి అవతల దిగండి. టికెట్ అక్కర్లేదు. అమీర్‌పేటలో నేను రోజూ చేసేది అదే.

పద్మక్క: బాబూ, నీకు మోకాళ్లు బాగున్నట్టున్నాయి. మా దగ్గర లిఫ్ట్ ఒక వైపే ఉంది. ఎక్కడం సరే, అవతల దిగేది ఎట్లా?

పాతబస్తీ_భాయ్: ఇంత టెన్షన్ ఎందుకు? చెయ్యి చూపిస్తూ నడిస్తే ఎవడైనా ఆగుతాడు. 20 ఏళ్లుగా దాటుతున్నా.

బెజవాడ_బుల్లోడు: నేనూ చెయ్యే చూపించాను. కారాయన ఆగాడు పాపం. ఆ కారు చాటునుంచి బైకువాడు దూసుకొచ్చాడు. భుజంలో ఇంకా రాడ్ ఉంది.

పాతబస్తీ_భాయ్: పక్క లేన్ చూసుకోకపోవడం మీ తప్పు.

బెజవాడ_బుల్లోడు: కారు అడ్డముంటే దాని వెనక ఏముందో కనబడుతుందా? మీకేమైనా ఎక్స్‌రే కళ్లా?

హనోయ్_రిటర్న్: వియత్నాంలో ఆగకుండా ఒకే నడకలో వెళ్లాలి, బైకులే తప్పుకుంటాయి. మనవాళ్లు మధ్యలో వెనక్కి పరిగెత్తుతారు, అదీ సమస్య.

పద్మక్క: అక్కడ ఆర్టీసీ బస్సు పక్కన షేర్ ఆటో ఓవర్‌టేక్ చేస్తుందా నాయనా?

రోడ్ ఇంజినీర్: 14 ఏళ్లుగా ఇదే పని నాది. వట్టి గీతలతో లాభం లేదు. దాటే చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపాలి, డివైడర్ దగ్గర నిలబడే జాగా వదలాలి. బండి వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లు, అందుకే ముందు వేగం తగ్గించాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల నడకదారుల మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 103, చదవండి: ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి.

పద్మక్క: ఆ పుస్తకం మా వీధికి ఎప్పుడొస్తుందండీ? మా ఫుట్‌పాత్ మోకాలెత్తు. ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పానీపూరీ బండి.

ఉప్పల్_ఉమ: తోపుడు బండివాళ్ల మీద పడకండి. వాళ్లకి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. ఫుట్‌పాత్ మీద కార్లు పెట్టేవాళ్లని అడిగే దమ్ముందా? మా ఉప్పల్ స్కైవాక్, అదే రోడ్డు మీదుగా నడిచే వంతెన, బాగుంటుంది, 2023లో తెరిచారు. కానీ ప్రతి జంక్షన్‌కీ అంతంత కట్టలేరుగా.

పాతబస్తీ_భాయ్: స్కైవాక్ ఖర్చుతో ఊరంతా గీతలు వేయొచ్చు.

రోడ్ ఇంజినీర్: గీతలతో లాభం లేదని పైనే చెప్పాను. ఎవరూ చదవరు.

లాయరుగారబ్బాయి: ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణ (జీవించే హక్కు) కిందికి వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీలో రాయండి.

కూకట్‌పల్లి_కిరణ్: రాస్తాను సార్, ఎవరికి రాయాలన్నదే నా ప్రశ్న!

ఉప్పల్_ఉమ: ముందు రోడ్డు ఎవరిదో చూడండి. హైవే అయితే జాతీయ రహదారుల వాళ్లకి, కాకపోతే కార్పొరేషన్‌కి. ట్రాఫిక్ పోలీసులకి ఒక కాపీ. అమ్మ దాటే టైమ్‌లో ఫోటో తీసి జతచేయండి.

నడకరాయుడు: ఈలోపు పాలు యాప్‌లో తెప్పించుకోవచ్చుగా?

పద్మక్క: గుడి కూడా యాప్‌లోనే తెప్పించమంటావా?