2012 ప్రియస్ హైబ్రిడ్ బ్యాటరీ: ఆగి ఉంటే 14 బ్లాకులూ సమానం, లోడ్ పడితే 7, 8 జారిపోతున్నాయి. ఏది నమ్మాలి?

డల్లాస్_వాసు:
సెకండ్ హ్యాండ్‌లో 2012 టయోటా ప్రియస్ (పెట్రోల్‌తో పాటు పెద్ద బ్యాటరీ కూడా ఉన్న హైబ్రిడ్ కారు) చూస్తున్నాం. వార్నింగ్ లైట్లు లేవు, లోపం ఉందని చెప్పే కోడ్‌లూ లేవు. ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ లెక్కలను ఫోన్ యాప్‌లో చూపే పరికరం) పెట్టి చూస్తే, కరెంట్ సున్నా ఉన్నప్పుడు బ్యాటరీలోని అన్ని బ్లాకులూ (ఒక్కో బ్లాకు రెండు మాడ్యూళ్లు, అంటే ఆరేసి సెల్స్ ఉన్న రెండు పెట్టెలు) 16.0 వోల్టుల దగ్గరే ఉన్నాయి. గట్టిగా తొక్కి 100 ఆంపియర్లు లాగితే మిగతావి 13.8కి దిగుతున్నాయి, 7, 8 మాత్రం 12.7కి పోతున్నాయి. యాప్‌లో ఇంటర్నల్ రెసిస్టెన్స్ (బ్లాకు లోపలి నిరోధం) కాలమ్ చూస్తే 14 బ్లాకులకూ ఒకటే అంకె! బేరం ఆడాలా, వదిలేయాలా?

నికెల్‌రావు:
వాసు గారూ, ఆ కాలమ్ పక్కన పెట్టండి. అది బ్యాటరీ ఈసీయూ (బ్యాటరీని చూసుకునే కంప్యూటర్) వేసుకునే అంచనా. చాలా ప్రియస్‌లలో అన్ని బ్లాకులకూ ఒకే అంకె కనిపిస్తుంది. మీ దగ్గరున్న వోల్టేజీలతో లెక్క మీరే వేయొచ్చు: పడిన వోల్టేజీని కరెంట్‌తో భాగించడమే. మంచి బ్లాకులకు 2.2 బై 100, అంటే 22 మిల్లీ ఓమ్‌లు. 7, 8లకు 3.3 బై 100, అంటే 33. ఒకటిన్నర రెట్లు.

ఆ అదనపు 11 మిల్లీ ఓమ్‌ల వల్ల 100 ఆంపియర్ల దగ్గర ఒక్కో బ్లాకులో 110 వాట్ల అదనపు వేడి పుడుతుంది. అసలే నడిమి మాడ్యూళ్లలో వేడి బయటికి పోయే దారి తక్కువ. వేడికి సెల్‌లోని ఎలక్ట్రోలైట్ తగ్గుతుంది, దాంతో రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది.

కానీ ఒక్క రీడింగ్‌తో తీర్పు చెప్పకండి. యాప్ బ్లాకులను ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది కాబట్టి ఈలోపు కరెంట్ మారితే లెక్క తప్పుతుంది. కరెంట్ రెండు మూడు సెకన్లు నిలకడగా ఉన్న చోటే తీసుకోండి. చల్లటి బ్యాటరీ రెసిస్టెన్స్ ఎక్కువ చూపిస్తుంది, ఛార్జ్ బాగా దిగినా అంతే. బండి అరగంట తిరిగాక, ఛార్జ్ 60 శాతం దగ్గర ఉన్నప్పుడు చూడండి. స్క్రీన్ చూసే పని పక్క సీటులో వాళ్లది.

అన్నిటికంటే ముఖ్యం, బ్రేక్ వేసినప్పుడు కూడా చూడండి, అప్పుడు బ్యాటరీ ఛార్జ్ అవుతుంది. రెసిస్టెన్స్ పెరిగిన బ్లాకు డిశ్చార్జ్‌లో అందరికంటే కిందికి, ఛార్జింగ్‌లో అందరికంటే పైకి పోతుంది. రెండింటిలోనూ దాదాపు 1.2 వోల్టులు తక్కువే ఉంటే, ఒక సెల్ షార్ట్ అయిందని అర్థం. బ్లాకుకు 12 సెల్స్, ఒక్కోటి 1.2 వోల్టులు కదా. ఆ సెల్ పోయిన బ్లాకు ఆగి ఉన్నప్పుడూ తక్కువే చూపిస్తుంది. మీ బండిలో ఆగినప్పుడు సమానంగా ఉన్నాయంటే నా అనుమానం రెసిస్టెన్స్ మీదే.

బస్‌బార్_సుధ:
నికెల్‌రావు గారి లెక్క సరైనదే, అయితే ఆ 11 మిల్లీ ఓమ్‌లూ సెల్ లోపలివే కానక్కర్లేదు. మాడ్యూళ్లను కలిపే బస్‌బార్‌లకు పచ్చటి తుప్పు పడితే జాయింట్ దగ్గరే 5 మిల్లీ ఓమ్‌లు పెరగొచ్చు. 100 ఆంపియర్ల దగ్గర అది అర వోల్టు! తుప్పును గీకి శుభ్రం చేసి, నట్‌లు 5.4 న్యూటన్ మీటర్లకే బిగించాలి. ఎక్కువ బిగిస్తే స్టడ్ తిరిగిపోతుంది.

తెరిచే ముందు కీ దూరంగా పెట్టి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీసి, 1000 వోల్టులు తట్టుకునే గ్లోవ్స్‌తో ఆరెంజ్ సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీ సర్క్యూట్‌ను తెంపే ప్లగ్) లాగి, పది నిమిషాలు ఆగాలి. ప్లగ్ తీసినంత మాత్రాన ప్యాక్ చచ్చిపోదు, మాడ్యూళ్ల గొలుసులో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. గ్లోవ్స్ చివరిదాకా తీయకండి. ఇదంతా బండి మీదయ్యాకే, అమ్మేవాళ్ల బండిలో కాదు. ఇప్పుడు చూడాల్సింది వెనక సీటు పక్కన గాలి పీల్చే జాలి. అక్కడ కుక్క వెంట్రుకలు, దుమ్ము పేరుకుంటే లోపల ఫ్యాన్ రెక్కలూ పూడిపోయి ఉంటాయి.

వోల్ట్_మావయ్య:
రెండు మాడ్యూళ్లే మారుద్దామనుకుంటే ఒక మాట. సెకండ్ హ్యాండ్ మాడ్యూళ్లను హెడ్‌లైట్ బల్బుతో పరీక్షించామని అమ్ముతారు. 55 వాట్ల బల్బు ఒక్క మాడ్యూల్ మీద మూడు నాలుగు ఆంపియర్లకు మించి లాగదు. 10 మిల్లీ ఓమ్‌ల మాడ్యూల్‌లో అది 40 మిల్లీ వోల్టుల లోపే. ఆ పరీక్షలో కెపాసిటీ తెలుస్తుంది, రెసిస్టెన్స్ తెలియదు. రెసిస్టెన్స్ కొలిచే నాలుగు తీగల మీటరుతో 28 మాడ్యూళ్లనూ ఒకే ఉష్ణోగ్రతలో కొలిచి పోల్చాలి. ఆ మీటరు ఏసీ కరెంట్‌తో కొలుస్తుంది గనుక రోడ్డు మీద వేసిన డీసీ లెక్క కంటే తక్కువ చూపిస్తుంది, రెండూ కలపకండి. ఇన్నేళ్ల ప్యాక్‌లో రెండు మారిస్తే తర్వాతి బలహీనమైనవి బయటపడతాయి. నేనైతే పూర్తి ప్యాక్ ఖర్చు ధరలోంచి తగ్గించమంటాను.

ఇంకోటి. కోడ్‌లు లేవన్నారు గదా, యాప్‌లో ‘కోడ్‌లు చెరిపినప్పటి నుంచి తిరిగిన దూరం’ చూడండి. అది పది ఇరవై మైళ్లే ఉంటే, పీ0ఏ80 (హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలని చెప్పే కోడ్) లాంటిది వస్తే నిన్నో మొన్నో తుడిచి ఉండొచ్చు.