పాత పార్కర్ ట్రాప్ గన్: గొట్టాలకు మళ్లీ బ్లూయింగ్ వేయించాలా?

ప్రశ్న:
నా దగ్గర అమెరికా కంపెనీ పార్కర్ బ్రదర్స్ వారి 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత) డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. గాల్లోకి విసిరే మట్టి పళ్లాలు కొట్టే ట్రాప్ ఆటకని చేసినదే: 32 అంగుళాల ఉక్కు గొట్టాలు, రెండూ ఫుల్ చోక్ (మూతి దగ్గర బాగా ఇరుకు), భుజానికి ఆనించే కర్రకు కాస్త ఎత్తైన మడమ. గొట్టాలకు తుప్పు పట్టకుండా వేసే నీలం పూత (బ్లూయింగ్) బూడిద రంగుకు తిరిగింది. కర్ర మెడ దగ్గర నూనె తాగి నల్లబడింది. ఈ తుపాకీ అంటే నాకు ప్రాణం. మళ్లీ కాల్చాలనుంది. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు 1:
హాట్ బ్లూయింగ్‌కు మాత్రం ఇవ్వకండి! ఆ వేడి ఉప్పు ద్రావణం రెండు గొట్టాలనూ, మధ్య పట్టీనీ కలిపే టంకాన్ని తినేస్తుంది, పట్టీ ఊడొస్తుంది. డబుల్ బ్యారెల్‌కు రస్ట్ బ్లూయింగే సరి: సన్నగా తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో నల్లబరిచి, బ్రష్‌తో రుద్ది, మళ్లీ మొదటికి. ఓపిక కావాలి. అసలు, నీలం అక్కడక్కడా మిగిలుంటే నేనైతే ముట్టను. 1934లో పార్కర్ తుపాకుల వ్యాపారం రెమింగ్టన్ కంపెనీ చేతికి వెళ్లకముందు తయారైనదైతే మరీనూ. కలెక్టర్లు అసలు పూతకే విలువిస్తారు.

జవాబు 2:
కర్రకు శాండ్‌పేపర్ వద్దండీ. పట్టు కోసం చెక్కిన గళ్లు అరిగిపోతాయి, పక్కనున్న ఇనుము మట్టం కంటే కర్ర కిందికి దిగిపోతుంది. సుద్దపొడి, అసిటోన్ ముద్దగా కలిపి పట్టించండి, పాత నూనెను అదే పీలుస్తుంది. నిప్పుకు దూరంగా, ఆరుబయట చేయండి.

జవాబు 3:
కాల్చేముందు గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవారితో) ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు, గొట్టం గోడ మందం కొలిపించండి. పాతవాటిలో ఛాంబర్ ఇప్పటి మామూలు తూటాకు కావలసిన 2¾ అంగుళాలకంటే పొట్టిగా ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అయితే ముందు కొలతలే. నీలాన్ని కదపను.