రోడ్డు వెంట నడక, చెరువు కట్ట మీద నడక: బీపీకి తేడా ఉంటుందా?

ప్రశ్న (హనుమకొండ):
మిత్రులకు నమస్కారం. నాకు 58 ఏళ్లు. ఆరు నెలలుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. రోజూ నలభై నిమిషాలు నడవమని డాక్టరుగారు చెప్పడంతో, సాయంత్రం ఆరింటికి నయీంనగర్ మెయిన్ రోడ్డు వెంటే చౌరస్తా వైపు వెళ్లి వస్తున్నాను. ఒళ్లు అలుస్తోంది గాని మనసు తేలికపడడం లేదు. ఇంటికొచ్చాక అందరి మీదా చిరాకు పడుతున్నానని మా ఆవిడ అంటోంది. భద్రకాళి చెరువు బండ్ (కట్ట) మీద నడవమని మా బావగారి సలహా. నడిచే దూరం ఒకటే అయినప్పుడు చోటు మారితే ఒంటికి నిజంగా తేడా తెలుస్తుందా, లేక అది మన భ్రమా?

జవాబు (కాజీపేట, ఫిజియోథెరపిస్టును):
భ్రమ కాదండీ. సరిగ్గా మీ సందేహాన్నే లండన్‌లో పరీక్షించారు. 60 ఏళ్లు దాటిన 119 మందిని, వారిలో గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, ఒకరోజు డీజిల్ బస్సులు, టాక్సీలు తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోనూ, మరోరోజు హైడ్ పార్క్‌లోనూ రెండేసి గంటలు నడిపించారు. పార్కులో నడిచిన రోజున ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడి, రక్తనాళాల బిగుతు తగ్గింది. రోడ్డు మీద నడిచిన రోజున ఆ మేలు చాలావరకు దక్కలేదు. 2018లో 'లాన్సెట్' పత్రికలో ఇది వచ్చింది. నడకతో వచ్చే లాభాన్ని పొగ తినేస్తోందన్నమాట. అయితే బండ్ మీద నడుస్తున్నాను కదా అని మాత్ర మానేయకండి.

జవాబు (హంటర్ రోడ్డు):
నేను నాలుగేళ్లుగా బండ్ మీద నడుస్తున్నాను. రోడ్డు మీద ప్రతి హారన్‌కూ పక్కకు జరగాలి, వెనక ఏ బండి వస్తోందోనని చెవి అటే పెట్టాలి. ఆ కాపలా పని కట్ట మీద ఉండదు. నీటికాకి ఒకటి మునిగి ఎక్కడ తేలుతుందోనని చూస్తూ ఒక చివర నుంచి ఇంకో చివరకు వచ్చేసిన రోజులున్నాయి. ఫోన్ మాట్లాడుతూ నడిచేవాళ్లకు ఇదేమీ దక్కదు, అది వేరే సంగతి. ఒక జాగ్రత్త చెబుతాను. చలికాలంలో తెల్లవారుజామున చల్లగాలి నేలకు అణిగి ఉండడం వల్ల, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోక అక్కడక్కడే తిరుగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఎండ కాస్త ఎక్కాకే రండి.

జవాబు (సుబేదారి):
పై ఇద్దరి మాటలతో విభేదించను గాని, నడకకు పట్టేది నలభై నిమిషాలైతే, ఇంట్లో గడిపేది రాత్రంతా. మీ పడకగది రోడ్డు వైపుందా? నిద్రలో ఉన్నా లారీ చప్పుడుకు శరీరం ఉలిక్కిపడుతుంది, మనకు మెలకువ రాకపోయినా గుండె వేగం పెరుగుతుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నా, మెయిన్ రోడ్డు పక్కన అది ఎంత అమలవుతుందో మీకు తెలిసిందే. ఇక రోజూ బండ్ దాకా వెళ్లలేనని దిగులుపడకండి. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలతో 2019లో వెలువడిన అధ్యయనంలో, వారానికి మొత్తం 120 నిమిషాలైనా పచ్చని చోట్ల గడిపినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా కనబడలేదు. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారేమో అన్న అనుమానానికి చోటుంది గనుక, దాన్ని మందు చీటీలా తీసుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పడకగది రోడ్డు వైపే ఉంది. ఇన్నాళ్లూ ఆ సంగతే ఆలోచించలేదు. వెనక గది కిటికీ పక్కింటివాళ్ల వేపచెట్టు వైపు తెరుచుకుంటుంది, దాన్ని బియ్యం బస్తాలకు వాడుతున్నాం. ఆదివారం బస్తాలను ముందు గదికి చేర్చి, మంచాన్ని వెనక్కి మారుస్తాను. బండ్‌కు వారంలో మూడు రోజులు వస్తాను.