అప్‌డేట్: ఇది మామూలు టెన్షనేనా అని అడిగాను కదా

పని ఒత్తిడి తగ్గినా నిద్ర పట్టట్లేదు, దేనిమీదా మనసు నిలవట్లేదు, ఇది మామూలు టెన్షనేనా అని అడిగాను. మీరంతా చెప్పినట్టే డాక్టర్‌ని కలిశాను. ఒత్తిడైతే కారణం పోగానే చాలావరకు సర్దుకుంటుందట. దిగులు, ఆసక్తి లేకపోవడం కనీసం 2 వారాలు దాదాపు రోజంతా ఉండి, నిద్ర, ఆకలి, పని దెబ్బతింటుంటే డిప్రెషనేమో చూడాలన్నారు. డిప్రెషన్ లక్షణాలు ఎంతవరకు ఉన్నాయో చూసే 9 ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఫారం నింపించారు. థైరాయిడ్ తేడా వల్ల కూడా ఇలా ఉండొచ్చని రక్తపరీక్ష రాశారు; ఈ సంగతి నాకు కొత్త. థైరాయిడ్ బాగానే ఉంది. డిప్రెషనేనని తేలింది, కౌన్సెలింగ్ మొదలైంది. ఇప్పుడు పిల్లలతో కూర్చుని మాట్లాడాలనిపిస్తోంది, నాకు అదే పెద్ద విషయం.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం వారాలు లెక్కపెట్టకుండా వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి రమ్మన్నారు. ఇలాంటి స్థితిలో ఎవరైనా ఉంటే దయచేసి ఆలస్యం చేయకండి.