సమస్యాపూరణం: మంత్రి చావుతో రాజుకు మంచి జరిగె

నిర్వాహకుడు: మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

మంత్రి చావుతో రాజుకు మంచి జరిగె

చదరంగం పరంగా పూరించాలి. వెనకటి అవధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేది కదా, ఆ ముచ్చట మనమూ తీర్చుకుందాం. ఆధారంగా ఒక పాత ఆట ఇస్తున్నాను. 1858లో పారిస్ ఒపేరాలో పాల్ మోర్ఫీ తెల్ల పావులతో ఆడాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్ళు. ఎదుట బ్రన్స్‌విక్ డ్యూక్, ఇజువార్ కౌంట్ కలిసి కూర్చుని, మాట్లాడుకుంటూ నల్ల పావులు నడిపారు. 17 ఎత్తుల్లో ఆట కట్టు.

పేర్ల దగ్గర గొడవ రాకుండా ముందే చెబుతున్నాను. మూల గడిలో మొదలై నేరుగా నడిచేది ఏనుగు, ఐమూలగా పోయేది శకటు, ఇంగ్లీషువాళ్ళ క్వీన్ మన మంత్రి. గడుల పేర్లు తెల్ల పక్షం వైపు నుంచి చూసి చెబుతాను: నిలువు గీతలు ఎడమ నుంచి ఏ, బీ, సీ అంటూ హెచ్ దాకా, అడ్డు వరుసలు కింది నుంచి 1 మొదలు 8 దాకా.

పల్నాటి బంటు: నా ప్రయత్నం, గురువుగారూ.

దొంగ లెక్కలు చూపించి దొరకు నెపుడు
కోశమంతయు మింగుచు కులికె నతడు
పీడ విరగడ యైనట్టు పేద మురిసె
మంత్రి చావుతో రాజుకు మంచి జరిగె

నిర్వాహకుడు: గణాలు, యతులు నిర్దోషంగా ఉన్నాయి. ధార కూడా బాగుంది. కానీ ఇది రాజనీతి పద్యం, చదరంగం ఎక్కడా లేదు. పైగా చెడ్డ మంత్రి చస్తే రాజుకు మేలు జరగడంలో వింతేముంది? సమస్యలో ఉన్న చిక్కు మీ పద్యంలో మొదటి పాదానికే విడిపోయింది. ఇదే దారిలో రాయాలనుకుంటే మూడో పాదం చివర ‘కు’ నిలపండి.

పాపమంతయు పండగ పట్టుబడు కు
మంత్రి చావుతో రాజుకు మంచి జరిగె

అప్పుడు ‘కుమంత్రి’ అవుతుంది, విరుపులో చమత్కారం వస్తుంది. మన పెద్దలు సమస్యను ఇలా విరిచి ఎన్నోసార్లు గట్టెక్కారు. అయినా ఈసారి నాకు కావలసింది మంచి మంత్రి చావు.

కోనసీమ కలం: ఆట చూసి రాశాను, తప్పులుంటే చెప్పండి.

చెంత కేగుచు మోర్ఫీయె చెక్కు చెప్పె
ఏనుగొక్కటి మంత్రిని నెదిరి చంపె
తప్పుకొనుటకు నల్లరాజుకు దారి లేదు
మంత్రి చావుతో రాజుకు మంచి జరిగె

నిర్వాహకుడు: అమ్మా, సమస్యను ఆటలోకి తీసుకెళ్ళింది ముందు మీరే, అభినందనలు. మూడో పాదంలో గణభంగం ఉంది. ‘తప్పు’, ‘కొనుటకు’ తర్వాత ఒక్క ఇంద్రగణమే రావాలి. ‘నల్లరాజుకు’ అయిదక్షరాల మాట, ఏ ఇంద్రగణంలోనూ ఇమడదు. ‘నల్లకు’ అంటే సరిపోతుంది.

అసలు దోషం రెండో పాదంలో ఉంది. మంత్రిని చంపింది ఏనుగు కాదు, గుర్రం. ఇది చిన్న తేడా అనుకోకండి. ఏనుగు చంపి ఉంటే ఆ ఆట గెలిచేది కాదు.

కోనసీమ కలం: ఎవరు చంపితే ఏమిటండీ? మంత్రి పోవడం ముఖ్యం కాదా?

నిర్వాహకుడు: కాదమ్మా. ఒక్కసారి బోర్డు వేసుకుని 14వ ఎత్తు వరకు పావులు పేర్చండి. నల్లరాజు పుట్టిన గడి ఈ8లోనే ఉన్నాడు. డీ7లో నల్ల ఏనుగు, ఎఫ్6లో నల్ల గుర్రం. తెల్ల శకటులు ఒకటి బీ5లో, ఇంకొకటి జీ5లో. తెల్ల ఏనుగు డీ1లో. 12వ ఎత్తులో మోర్ఫీ కోట కట్టినప్పుడే (అంటే రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపినప్పుడే) డీ గీత మీదికి ఒక ఏనుగు వచ్చింది. అది డీ7లో బలి అయ్యాక మూలనున్న రెండోది వచ్చి దాని చోట నిలబడింది.

ఇప్పుడు 15వ ఎత్తు. బీ5 శకటు డీ7 ఏనుగును కొట్టి చెక్ చెప్పింది. ఎఫ్6 గుర్రం వచ్చి ఆ శకటును కొట్టింది. ఇక్కడ ఆగి జీ5లో ఉన్న శకటు వైపు చూడండి. ఇంతసేపూ దాని దారికి అడ్డుగా ఉన్న గుర్రం లేచిపోయింది. ఎఫ్6, ఈ7, డీ8 దాకా ఐమూల మొత్తం తెరుచుకుంది. నల్లరాజు పారిపోగలిగిన ఈ7 మూసుకుపోయింది. డీ8లో తెల్ల పావు దిగితే కాపు కూడా సిద్ధం.

మిగిలిన అడ్డు ఒక్కటే. అదే గుర్రం ఇప్పుడు డీ7లో కూర్చుని ఏనుగు దారి మూసింది. ‘ఈ గుర్రం ఇక్కడ లేకపోతే?’ అని అడిగినవాడికే 16వ ఎత్తు కనిపిస్తుంది. మోర్ఫీ మంత్రిని తీసుకెళ్ళి బీ8లో చెక్ చెప్పాడు. రాజుకు కదలడానికి గడి లేదు. నల్లమంత్రి ఈ6 నుంచి సీ8కి వచ్చి అడ్డుపడదామంటే డీ7లో సొంత గుర్రమే దారి మూసేసింది. గుర్రం వెళ్ళి మంత్రిని చంపడం తప్ప వేరే ఎత్తు లేదు. చంపింది. డీ గీత ఖాళీ అయింది. ఏనుగు నేరుగా డీ8కి వెళ్ళింది, ఆట కట్టు.

నేను రాత్రి భోజనాల బల్ల మీద ఇది వేసుకున్నాను. నల్ల గుర్రాన్ని ఎత్తి బీ8లో పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేసరికి డీ1 నుంచి డీ8 దాకా ఒక్క పావు లేదు. ఎన్నోసార్లు చూసిన ఆటే, అయినా ఒళ్ళు గగుర్పొడిచింది. చివరికి తెల్ల పక్షాన రాజు, బంట్లు కాక మిగిలింది ఒక ఏనుగు, ఒక శకటు. నల్ల పక్షాన మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం అన్నీ ఉన్నాయి.

పల్నాటి బంటు: 15లో గుర్రంతో కాక నల్లమంత్రితోనే శకటును కొట్టి ఉంటే?

నిర్వాహకుడు: మంచి ప్రశ్న. అప్పుడు కూడా బీ8లో చెక్కే. రాజు ఈ7కు జరిగితే తెల్లమంత్రి ఈ5 బంటును కొడుతూ మళ్ళీ చెక్ చెబుతుంది. నల్లమంత్రి ఈ6లో అడ్డుపడితే సీ7లో ఇంకో చెక్, రాజు ఈ8కు వెళితే డీ8లో ఏనుగుతో ఆట కట్టు. ఎఫ్6 గుర్రం సాయానికి రాలేదు, జీ5 శకటు దాన్ని రాజు ముందు కట్టి పడేసింది. కాకపోతే ఆ దారిలో తెల్లమంత్రి చావదు, మన సమస్యకు పనికిరాదు.

ఐమూల: మీ వివరణ చదివాక రాసింది.

గుర్రమొకసారి గెంతగ కోణమెల్ల
శకటు చూపుకు చిక్కెను చక్కగాను
మరల గెంతగ గజముకు మార్గమొదవె
మంత్రి చావుతో రాజుకు మంచి జరిగె

నిర్వాహకుడు: నేను ఎదురుచూసిన పద్యం ఇదే! ఒకే గుర్రం రెండు గెంతులు, రెండు దారులు. ఎందుకు గెలిచాడో మూడు పాదాల్లో చెప్పేశారు. ‘చక్కగాను’ ఒక్కటి యతి కోసం తెచ్చిన మాటలా ఉంది. పూరకపదం పడ్డ చోటే అసలు విషయం పెట్టొచ్చు.

గుర్రమొకసారి గెంతగ కోణమందు
శకటు చూపుకు చిక్కెను సందులన్ని

శ, స యతిమైత్రి చెల్లుతుంది. రాజు తప్పించుకునే సందులు మూసుకుపోయాయన్న మాట కూడా పద్యంలోకి వచ్చేస్తుంది.

ఐమూల: సవరణకు ధన్యవాదాలు. గజమునకు అనకుండా ‘గజముకు’ అన్నాను, ఫరవాలేదా?

నిర్వాహకుడు: సమస్యలో నేనే ‘రాజుకు’ అన్నాను కదండీ. వ్యావహారికం అక్కడ చెల్లితే ఇక్కడా చెల్లుతుంది.

కోనసీమ కలం: ఇప్పుడు అర్థమైందండీ. బోర్డు వేసుకుని చూసి మళ్ళీ రాశాను.

చెంత కేగుచు మోర్ఫీయె చెక్కు చెప్పె
గుర్రమొక్కటే మంత్రిని గూల్ప వలసె
దాని చోటున నేనుగు దారి తీసె
మంత్రి చావుతో రాజుకు మంచి జరిగె

నిర్వాహకుడు: ‘కూల్చె’ అనకుండా ‘కూల్ప వలసె’ అన్నారు, చూశారా! ఆ గుర్రానికి ఇంకో దిక్కు లేదన్న సంగతి ‘వలసె’లోనే ఉంది. చాలా బాగుందమ్మా.